రోగి మాటకు తూకం: హెపటైటిస్-సి చికిత్స చరిత్ర

కామెర్లు అంటే తెలియని ఊరు తెలుగుదేశంలో లేదు. కళ్లు పచ్చబడినవి, మూత్రం పసుపురంగుకు తిరిగింది అనగానే ఇంటిలోని పెద్దలు నూనె, కారం మానిపించి పథ్యం పెడతారు. నేల ఉసిరి రసం తాగిస్తారు. చాలామందికి నెలా రెండు నెలలలో కామెర్లు వాటంతట అవే దిగిపోతవి. అందువలన కాలేయానికి వచ్చే జబ్బు పైకి కనబడి తీరుతుందనీ, పచ్చదనం పోతే జబ్బు పోయినట్లేననీ జనంలో ఒక నమ్మకం స్థిరపడింది.

హెపటైటిస్-సి ఈ నమ్మకానికి లొంగని వ్యాధి. రక్తం ద్వారా శరీరంలో ప్రవేశించే ఒక వైరస్ దీనికి కారణం. వైరస్ సోకిన నూరు మందిలో దాదాపు ముప్పై మంది ఆరు నెలలలోగా ఏ మందూ లేకుండానే దానిని వదిలించుకొంటారు. తక్కిన డెబ్బై మందిలో అది కాలేయంలో కాపురం పెట్టి ఏళ్ల తరబడి ఉండిపోతుంది. కళ్లు పచ్చబడవు, చెప్పుకోదగిన నొప్పి ఉండదు. ఇరవై ఏళ్లు గడిచేసరికి ఇటువంటివారిలో నూటికి పదిహేను నుండి ముప్పై మందికి కాలేయం గట్టిపడి గడ్డలు కడుతుంది. దీనినే వైద్యులు సిరోసిస్ అంటారు. కొందరిలో అది క్యాన్సరుకు దారితీస్తుంది.

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అని సామెత. ఈ వ్యాధి విషయంలో పాతికేళ్లకు పైగా జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఏ బాధా లేక తన పని తాను చేసుకొనే మనిషికి వైద్యుడు ఇచ్చిన మందు వారంవారం జ్వరం తెచ్చింది, నిద్ర చెడగొట్టింది, కొందరి మనస్సును కుంగదీసింది. రక్తపరీక్ష కాగితం చూచి వైద్యుడు గుణం కనబడుతున్నదన్నాడు. తన ఒంటిని చూచుకొని రోగి గుణం లేదన్నాడు. ఇద్దరూ నిజమే చెప్పారు. ఈ రెండు నిజాలను ఒకే త్రాసులో ఎట్లా తూచాలో వైద్యశాస్త్రం నేర్చుకొనడం హెపటైటిస్-సి చరిత్రలో ముఖ్యమైన ఘట్టం.

పేరు లేని వ్యాధి

రెండవ ప్రపంచయుద్ధం తరువాత రక్తం ఎక్కించడం పెద్ద ఎత్తున వ్యాపించింది. దానివలన శస్త్రచికిత్సలలో ఎందరి ప్రాణాలో నిలిచినవి. కాని అట్లా రక్తం పుచ్చుకొన్నవారిలో కొందరికి కొన్ని వారాల తరువాత కాలేయం వాచేది. 1965లో అమెరికా శాస్త్రజ్ఞులు బరూక్ బ్లంబర్గ్, హార్వే ఆల్టర్ ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో తాము కనిపెట్టిన వింత పదార్థాన్ని గురించి ప్రకటించారు. అది హెపటైటిస్-బి వైరస్‌కు చెందినదని తరువాత తేలింది. 1973లో స్టీఫెన్ ఫైన్‌స్టోన్, ఆల్బర్ట్ కపికియన్, రాబర్ట్ పర్సెల్ అనే ముగ్గురు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో హెపటైటిస్-ఎ వైరస్‌ను చూడగలిగారు.

ఇక చిక్కు వీడినట్లేనని అందరూ అనుకొన్నారు. కాని బెథెస్డాలోని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో పనిచేస్తున్న ఆల్టర్, రక్తం పుచ్చుకొన్న తరువాత కాలేయం వాచిన రోగుల నమూనాలను భద్రపరచి ఉంచాడు. ఆయన, ఆయన సహచరులు వాటిని పరీక్షిస్తే చాలా నమూనాలలో బి వైరస్ లేదు. ఎ వైరస్ కూడా లేదు. 1975లో ఈ సంగతి వెల్లడి అయింది. అప్పటికి ఆ వ్యాధికి పెట్టిన పేరు "ఎ కాని, బి కాని హెపటైటిస్". ఏది కాదో చెప్పగలిగారే గాని ఏదో చెప్పలేకపోయారు. 1978లో ఈ వ్యాధి రక్తం ద్వారా చింపాంజీలకు సోకుతుందని రుజువయింది. అంటే అది అంటువ్యాధి కారకమేననడంలో సందేహం లేదు; కాని ఆ కారకం కంటికి చిక్కలేదు.

కాలిఫోర్నియాలోని కైరాన్ అనే సంస్థలో మైకేల్ హౌటన్, క్యూ-లిమ్ చూ, జార్జి కువో అనేవారు డేనియల్ బ్రాడ్లీతో కలిసి కొత్త మార్గం త్రొక్కారు. వైరస్‌ను చూడాలనే ప్రయత్నం మాని, వ్యాధి సోకిన చింపాంజీ రక్తంలోని జన్యుపదార్థాన్ని తునకలుగా బాక్టీరియాలో ప్రవేశపెట్టారు. ఒక్కొక్క తునక ఒక్కొక్క మాంసకృత్తును తయారుచేయిస్తుంది. వాటిలో రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు దేనిని గుర్తుపట్టి అంటుకొంటాయో వెదికారు. ఆ వెదుకులాటలో చిక్కిన ఒక్క తునక నుండి వైరస్ పూర్తి స్వరూపాన్ని రాబట్టి 1989లో ప్రకటించారు. ఆ వైరస్‌కే హెపటైటిస్-సి అని పేరు. మరుసటి సంవత్సరం నుండి దాతల రక్తాన్ని పరీక్షించే పద్ధతి వాడుకలోకి వచ్చింది.

శరీరం నుండి తీసిన మందు

వైరస్ దొరకక ముందే దానికి మందు దొరకడం ఈ చరిత్రలోని ఒక విచిత్రం. ఆ మందు కథ 1957లో లండన్ నగరంలో ప్రారంభమయింది. మిల్ హిల్‌లోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో ఆలిక్ ఐజాక్స్, స్విట్జర్లాండు నుండి వచ్చిన జాన్ లిండెన్‌మాన్ అనే ఇద్దరు కోడిగుడ్డు పిండం పొరల మీద ప్రయోగాలు చేస్తున్నారు. వేడిచేసి చంపిన ఫ్లూ వైరస్‌ను ఆ పొరకు తగిలిస్తే, పొరలోని కణాలు ఏదో ఒక పదార్థాన్ని విడుదల చేసేవి. ఆ పదార్థాన్ని తీసి కొత్త పొరకు పూస్తే, దాని మీద బ్రతికిన వైరస్ కూడా పెరిగేది కాదు. వైరస్‌కు అడ్డుతగిలే పదార్థం గనుక దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

దీనిని మందుగా వాడాలంటే కావలసినంత దొరకాలి గదా! ఫిన్లాండు దేశంలో కారీ కాంటెల్ అనే శాస్త్రజ్ఞుడు రక్తదాతల తెల్ల రక్తకణాల నుండి దానిని తీసేవాడు. ఎంతో రక్తం ఉంటే గాని రవంత మందు వచ్చేది కాదు. 1980లో జూరిచ్ నగరంలో చార్లెస్ వైస్‌మాన్ బృందం మానవ ఇంటర్‌ఫెరాన్ జన్యువును బాక్టీరియాలో పనిచేయించినట్లు వెల్లడి అయింది. ఆనాటి నుండి మందుకు కొరత తీరింది.

జే హూఫ్‌నాగెల్, ఆయన సహచరులు ఈ ఇంటర్‌ఫెరాన్‌ను ఎ కాని, బి కాని హెపటైటిస్ గల పది మందికి ఇచ్చి, ఫలితాన్ని 1986లో ప్రకటించారు. కాలేయం దెబ్బతిన్నప్పుడు దాని కణాలలోని కొన్ని ఎంజైములు రక్తంలోకి కారుతవి. ఎనిమిది మంది రక్తంలో ఆ ఎంజైములు తగ్గినవి. శత్రువు ఎవరో తెలియకుండానే వేసిన బాణం గురికి తగిలింది. 1989లో పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చినవి. వారానికి మూడు సూదుల చొప్పున ఆరు నెలలు మందు వాడితే దాదాపు సగం మందిలో ఎంజైములు అదుపులోకి వచ్చినవి. కాని మందు ఆపిన ఆరు నెలలలోగా వారిలో సగం మందికి వ్యాధి తిరగబెట్టింది. అయినా వేరే గతి లేనందున 1991లో అమెరికా ప్రభుత్వం ఇంటర్‌ఫెరాన్‌ను హెపటైటిస్-సి చికిత్సకు అనుమతించింది. ఉత్తరోత్తరా హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ వంటి భారతీయ సంస్థలు కూడా దీనిని తయారుచేసినవి.

మందే జ్వరమైతే

ఫ్లూ వచ్చినప్పుడు చలి, ఒళ్లునొప్పులు, ఆకలి మందగించడం, ఎవరితోను మాట్లాడబుద్ధి పుట్టకపోవడం సహజం. ఇవన్నీ వైరస్ స్వయంగా చేసే పనులని చాలామంది అనుకొంటారు. నిజానికి వీటిలో చాలా భాగం, శరీరం తన రక్షణకై విడుదల చేసుకొనే ఇంటర్‌ఫెరాన్ వంటి పదార్థాల పని. జబ్బుపడిన జంతువు మూలకు చేరి కదలక పడుకొంటుంది. అట్లా పడుకోబెట్టి శక్తిని పోరాటానికి మిగల్చడం ఆ పదార్థాల ధర్మం. మామూలు ఫ్లూలో ఈ స్థితి నాలుగైదు రోజులు ఉండి పోతుంది. ఇంటర్‌ఫెరాన్‌ను సూదిమందుగా ఇచ్చినప్పుడు అదే స్థితిని ఆరు నెలలు, ఏడాది పాటు నిలబెట్టినట్లయింది.

సూది వేసుకొన్న కొన్ని గంటలకు చలి పుట్టి జ్వరం వచ్చేది. అందుచేత రోగులు పడుకొనబోయే ముందు జ్వరం బిళ్ల వేసుకొని సూది పొడుచుకొనేవారు. కనీసం మొదటి బాధ నిద్రలో గడిచిపోతుందని వారి ఆశ. మొదటి వారాల తరువాత జ్వరం కొంత తగ్గేది గాని అలసట తగ్గేది కాదు. ఆకలి చచ్చి బరువు తగ్గడం, జుట్టు పలచబడడం, తెల్ల రక్తకణాలు తరగడం, కొందరిలో థైరాయిడ్ గ్రంథి చెడడం చికిత్సలో భాగాలైనవి.

వీటన్నిటికంటె బరువైనది మనస్సుకు కలిగే బాధ. చిన్న మాటకు మండిపడడం, కారణం లేని దుఃఖం, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం కనిపించేవి. వేలకొలది రోగుల మీద జరిగిన పరీక్షలలో ఐదుగురిలో ఒకరికి పైగా మానసికమైన కుంగుబాటు ఏర్పడింది; అరుదుగా ఆత్మహత్యా ప్రయత్నాలు కూడా జరిగినవి. దీనికి ఒక వివరణ రసాయనశాస్త్రంలో దొరికింది. మనస్సు నిలకడకు తోడ్పడే సెరటోనిన్‌ను మెదడు ట్రిప్టోఫేన్ అనే ఆహారపదార్థం నుండి తయారుచేసుకొంటుంది. ఇంటర్‌ఫెరాన్ ఒక ఎంజైమును మేల్కొలిపి ఆ ట్రిప్టోఫేన్‌ను వేరే దారికి మళ్లిస్తుంది. ఇదొక్కటే కారణం కాకపోవచ్చును. కాని రోగి చిరాకు అతని స్వభావంలోని లోపం కాదనీ, మందు శరీరంలో చేసే పనికి ఫలితమనీ గ్రహించడానికి ఈ పరిశోధనలు తోడ్పడినవి. ఈ సంగతి తెలియని ఇండ్లలో భార్యాభర్తల మధ్య, తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య ఎంత అపార్థం ఏర్పడి ఉంటుందో ఊహించవచ్చు.

రెండు మందుల కాలం

ఒక్క ఇంటర్‌ఫెరాన్‌తో ఫలితం స్వల్పం. ఏడాది చికిత్స తరువాత కూడా నూటికి పదమూడు మంది మాత్రమే వైరస్ నుండి పూర్తిగా విముక్తులైనట్లు 1998లో వెలువడిన ఒక పరీక్షలో తేలింది. అదే పరీక్షలో ఇంటర్‌ఫెరాన్‌తో పాటు రిబవిరిన్ అనే మాత్రలు కూడా వాడినవారిలో ఆ సంఖ్య ముప్పై ఎనిమిదికి పెరిగింది. 2001 ప్రాంతంలో పెగ్ ఇంటర్‌ఫెరాన్ అనే మెరుగైన రూపం వచ్చింది. ఇంటర్‌ఫెరాన్ అణువుకు పొడవైన మరొక అణువును తగిలించడం వలన అది త్వరగా శరీరం నుండి వెలికిపోదు. వారానికి మూడు సూదులకు బదులు ఒకటి చాలు. దీనిని రిబవిరిన్‌తో కలిపి వాడితే నూటికి యాభైనలుగురు, యాభైయారుగురు కోలుకొన్నారు.

ఈ వైరస్‌లో పలు జన్యురకాలు ఉన్నవి. అమెరికా, ఐరోపా దేశాలలో ఎక్కువగా కనబడే మొదటి రకానికి నలభై ఎనిమిది వారాల చికిత్స కావలసివచ్చేది. అయినా సగం మందికి పైగా గుణం కనబడేది కాదు. భారతదేశంలో ఎక్కువగా కనబడే మూడవ రకం ఇరవై నాలుగు వారాలలో చాలామందికి లొంగేది.

కాని రిబవిరిన్ తన వంతు బాధను కూడా తెచ్చింది. అది ఎర్ర రక్తకణాలలోకి సులభంగా ప్రవేశిస్తుంది. లోపల రూపం మార్చుకొని బయటికి రాలేక పేరుకొంటుంది. ఆ భారానికి కణాలు వాటి కాలం తీరకముందే పగిలిపోతవి. మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ డెసిలీటరుకు రెండు మూడు గ్రాములు పడిపోవడం మామూలు. మెట్లెక్కితే ఆయాసం, నాలుగడుగులు నడిస్తే గుండెదడ. గర్భస్థ శిశువుకు హాని చేసే మందు గనుక చికిత్సా కాలంలోనే గాక ఆ తరువాత ఆరు నెలల వరకు దంపతులు గర్భం రాకుండా జాగ్రత్తపడవలసివచ్చేది. ఇంటర్‌ఫెరాన్ అలసటకు ఈ రక్తహీనత తోడయి ఉద్యోగం చేసుకొనేవారిని మంచాన పడవేసేది.

బాధను కొలిచే ప్రశ్నలు

రోగి ఎట్లా ఉన్నాడో కొలవాలనే ఆలోచన ఈ వ్యాధితో పుట్టింది కాదు. క్యాన్సరు మందుల తొలిరోజులలో, 1948 ప్రాంతంలో, డేవిడ్ కార్నోఫ్‌స్కీ అనే అమెరికా వైద్యుడు రోగి తన పనులు తాను ఎంతవరకు చేసుకోగలడో సున్న నుండి నూరు వరకు గుర్తించే ఒక కొలబద్దను ఏర్పరచాడు. ఆ సంవత్సరమే అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమంటే జబ్బు లేకపోవడం మాత్రమే కాదనీ, శారీరకంగా, మానసికంగా, సాంఘికంగా బాగుండడమనీ నిర్వచించింది. అయితే కార్నోఫ్‌స్కీ కొలబద్దలో మార్కులు వేసేది వైద్యుడే. రోగినే అడిగి, అతని సమాధానాలను అంకెలుగా మార్చే పద్ధతులు తరువాత కాలంలో పెరిగినవి. వాటిలో ఎక్కువ వ్యాప్తిలోకి వచ్చింది 1992లో జాన్ వేర్, కేథీ షెర్‌బోర్న్ ప్రకటించిన ముప్పైఆరు ప్రశ్నల పట్టిక.

మెట్లెక్కగలుగుతున్నారా, సరుకుల సంచి మోయగలుగుతున్నారా, గడచిన నాలుగు వారాలలో ఎంతకాలం నీరసంగా ఉన్నారు, స్నేహితులను, బంధువులను కలుసుకొనడానికి ఆరోగ్యం అడ్డువచ్చిందా అనే ధోరణిలో ఈ ప్రశ్నలు సాగుతవి. సమాధానాలను ఎనిమిది అంశాలుగా కూర్చి ఒక్కొక్క దానికి సున్న నుండి నూరు వరకు విలువ కడతారు. మనిషి మాటను ఇట్లా నమ్మవచ్చునా అని సందేహం కలగడం సహజమే. ఆ సందేహాన్ని కూడా పరీక్షకు పెట్టారు. స్థితిలో మార్పు లేని మనిషిని మళ్లీ అడిగితే దాదాపు అదే విలువ రావాలి. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి తక్కువ విలువ రావాలి. ఈ రెండు పరీక్షలకూ నిలిచిన పట్టికలే వాడుకలో నిలిచినవి. 1999లో జొబైర్ యూనోసి బృందం కాలేయవ్యాధులకే ప్రత్యేకించి ఇరవైతొమ్మిది ప్రశ్నల పట్టికను తయారుచేసింది.

ఈ పట్టికలు హెపటైటిస్-సి రోగుల చేతికి అందగానే పాత అభిప్రాయాలు కొన్ని తారుమారైనవి. కాలేయం ముదిరి చెడేవరకు ఈ రోగులకు బాధ ఉండదని వైద్యులు అనుకొనేవారు. 1998లో లండన్ వైద్యులు సిరోసిస్ లేని రోగులను అడిగి చూస్తే వారి విలువలు ఆరోగ్యవంతులకంటె స్పష్టంగా తక్కువ ఉన్నవి. ఐర్లండు అనుభవం దీనిని బలపరచింది. అక్కడ 1977, 1978 సంవత్సరాలలో, రక్తవర్గం సరిపడని గర్భం దాల్చిన స్త్రీలకు ఇచ్చే యాంటీ-డి అనే సూదిమందులో ఈ వైరస్ కలిసిపోయింది. సంగతి 1994లో గాని బయటపడలేదు. సుమారు పదిహేడేళ్ల తరువాత 376 మంది స్త్రీలను పరీక్షించిన ఫలితం 1999లో వెలువడింది. సిరోసిస్ నూటికి ఇద్దరిలోనే కనబడింది. కాని నూటికి ఎనభైఒక్క మంది ఏదో ఒక బాధ చెప్పారు; అరవైఆరు మంది అలసట అన్నారు. కాలేయం ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినవారికి కనబడని బాధ, అడిగినవారికి వినబడింది.

ఇదంతా వైరస్ పనేనా? ఆ సంవత్సరమే ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశీలన ఇంకొక కోణం చూపింది. వైరస్ ఉన్నట్లు తెలిసినవారికి, ఉన్నా తెలియనివారికంటె ఎక్కువ అంశాలలో విలువలు తగ్గినవి. అంటే జబ్బు పేరు వినడం కూడా మనిషిని కుంగదీస్తుంది. ఇతరులకు అంటిస్తానేమోనన్న భయం, నలుగురిలో చెప్పుకోలేని సిగ్గు, రేపేమవుతుందోనన్న దిగులు ఆ అంకెలలో కలిసి ఉన్నవి.

చికిత్స సంగతి అడిగితే ఒక వంపు గీత వంటి చరిత్ర బయటపడింది. చికిత్సకు ముందే తక్కువగా ఉన్న విలువలు చికిత్సా కాలంలో మరింత దిగజారేవి. మందు ఆపిన తరువాత మెల్లగా పైకి లేచేవి. వైరస్ పూర్తిగా పోయినవారిలో అవి మొదటికంటె పైకి వెళ్లేవి. పోనివారికి అటువంటి లాభం కనబడేది కాదు. 1999లో వెలువడిన రెండు పెద్ద పరిశీలనలు ఈ మెరుగుదలను రుజువు చేసినవి. ఏడాది నరకం అనుభవించినందుకు ఫలం ఉన్నదని చెప్పడానికి వైద్యులకు ఆధారం దొరికింది. ఆ ఫలం దక్కనివారికి మాత్రం నరకమే మిగిలింది.

ఓర్పే ఔషధంలో భాగం

బాధ వేరు, గుణం వేరు. గుణం కావాలంటే బాధ ఓర్చుకోవలసిందే అని మొదటిలో భావించేవారు. 2002లో జాన్ మెక్‌హచిసన్ బృందం ప్రకటించిన లెక్కలు ఆ రెండింటికీ ముడి ఉన్నదని తేల్చినవి. రెండు మందులనూ నిర్ణయించిన మోతాదులో నూటికి ఎనభై వంతులకు తగ్గకుండా, నిర్ణయించిన కాలంలో ఎనభై వంతులకు తగ్గకుండా పుచ్చుకొన్నవారికే గుణం ఎక్కువగా కనబడింది. బాధకు తాళలేక సూది మానినవాడు, రక్తహీనత వలన మాత్రలు తగ్గించుకొన్నవాడు ఆ సుఖానికి మూల్యంగా తన గుణాన్నే కోల్పోయే ప్రమాదం ఉన్నది. అందుచేత రోగి సౌఖ్యాన్ని కాపాడడం దయాధర్మంగా మిగలక చికిత్సలోనే ఒక అంగమయింది.

ఆ దిశగా ప్రయత్నాలు జరిగినవి. 2001లో డొమినిక్ మసెల్మన్ బృందం ఒక పరీక్ష ఫలితాన్ని ప్రకటించింది. అందులోని రోగులు మెలనోమా అనే చర్మపు క్యాన్సరుకు ఇంటర్‌ఫెరాన్‌ను పెద్ద మోతాదులో పుచ్చుకొనేవారు. చికిత్సకు రెండు వారాల ముందునుండే కుంగుబాటును తగ్గించే మందు ఇచ్చిన పద్దెనిమిది మందిలో ఇద్దరికే తీవ్రమైన కుంగుబాటు వచ్చింది. ఉత్త మాత్రలు ఇచ్చిన ఇరవై మందిలో తొమ్మిది మందికి వచ్చింది. హెపటైటిస్ వైద్యులకు ఇది పనికివచ్చే పాఠమయింది. 2004లో వెలువడిన మరొక పరీక్షలో, ఎర్ర రక్తకణాలను పెంచే ఎరిత్రోపోయిటిన్ మందు ఇస్తే నూటికి ఎనభైఎనిమిది మంది రిబవిరిన్ మోతాదు తగ్గించకుండా నిలబడగలిగారు. అది లేనివారిలో అరవై మందే. ప్రశ్నల పట్టికలలో వారి విలువలు కూడా పెరిగినవి.

అయినా ఎందరికో ఈ చికిత్స అందని పండే. పూర్వం మానసిక వ్యాధి ఉన్నవారికి, గుండెజబ్బు గలవారికి, కాలేయం బాగా చెడినవారికి వైద్యులు ఇంటర్‌ఫెరాన్ ఇవ్వడానికి జంకేవారు. మందు అవసరం అందరికంటె ఎక్కువైనవారికే తలుపు మూసుకొన్నది.

సూది లేని చికిత్స

ఇంటర్‌ఫెరాన్ శరీరమంతటినీ యుద్ధానికి లేపుతుంది. వైరస్‌ను మాత్రమే కొట్టే మందు కావాలంటే దాని లోపలి యంత్రాంగం తెలియాలి. 1997లో చార్లెస్ రైస్ బృందం, ప్రయోగశాలలో కూర్చిన వైరస్ జన్యుపదార్థం ఒక్కటే చింపాంజీలో వ్యాధి కలిగించగలదని నిరూపించింది. 1999లో జర్మనీలో ఫోల్కర్ లోమాన్, రాల్ఫ్ బార్టెన్‌ష్లాగర్ బృందం వైరస్ జన్యుపదార్థం గాజుపాత్రలలోని కణాలలో తనంతట తాను పెరిగేటట్లు చేసింది. దానితో కొత్త మందులను ఆ కణాల మీదనే పరీక్షించే వీలు కలిగింది.

2011లో మొదటి ఫలాలుగా టెలాప్రెవిర్, బొసెప్రెవిర్ అనే మాత్రలు వచ్చినవి. వీటిని ఇంటర్‌ఫెరాన్, రిబవిరిన్‌లతో కలిపి వాడవలసి ఉండేది. మొదటి జన్యురకం గలవారిలో గుణం నూటికి డెబ్బైఐదు వరకు పెరిగింది. బాధ కూడా పెరిగింది. టెలాప్రెవిర్ వాడినవారిలో సగానికి పైబడి ఒంటిపై దద్దురులు లేచినవి, రక్తహీనత ముదిరింది. దానిని ఎనిమిది గంటలకొకసారి ఇరవై గ్రాముల కొవ్వు గల ఆహారంతో మింగాలి. ఆకలి చచ్చిన మనిషికి ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. మూడు నాలుగేళ్లలోనే ఈ మందులు మూలపడినవి.

2013 జనవరిలో న్యూజీలాండు వైద్యుడు ఎడ్వర్డ్ గేన్ బృందం ప్రకటించిన ఫలితం అసలు మలుపు. రెండవ, మూడవ జన్యురకాలు గల పది మందికి ఒక్క సూది అయినా ఇవ్వకుండా సోఫోస్బువిర్, రిబవిరిన్ మాత్రలు పన్నెండు వారాలు ఇచ్చారు. పది మందీ వైరస్ నుండి విముక్తులైనారు. వైరస్ తన జన్యుపదార్థాన్ని నకలు తీసుకొనేటప్పుడు సోఫోస్బువిర్ అసలు ఇటుకను పోలిన నకిలీ ఇటుకగా అందులో చేరి గొలుసును మధ్యలో ఆపివేస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా దానిని అనుమతించింది. 2014లో లెడిపస్విర్‌తో, 2016లో వెల్పటస్విర్‌తో కలిపిన మాత్రలు వచ్చి చాలామందికి రిబవిరిన్ అవసరాన్ని కూడా తప్పించినవి. గుణం నూటికి తొంభై ఐదు దాటింది.

ఈసారి ప్రశ్నల పట్టికలు మొదటినుండీ పరీక్షలలో భాగంగా ఉన్నవి. యూనోసి బృందం వాటిని పరిశీలించింది. ఇంటర్‌ఫెరాన్ ఉన్న చికిత్సలో విలువలు బాగా పడిపోయినవి. రిబవిరిన్ మాత్రమే ఉంటే స్వల్పంగా తగ్గినవి. రెండూ లేని చికిత్సలో మందు సాగుతుండగానే పెరగడం మొదలుపెట్టినవి. వంపు గీత తిరగబడింది. ఆల్టర్, హౌటన్, రైస్‌లకు 2020లో నోబెల్ బహుమానం లభించింది.

వెల కూడా ఒక బాధే

సోఫోస్బువిర్ అమెరికాలో మాత్ర ఒక్కింటికి వెయ్యి డాలర్ల వెలతో బజారుకు వచ్చింది. పన్నెండు వారాలకు ఎనభైనాలుగు వేల డాలర్లు. శరీరబాధ తీరేసరికి ధనబాధ ఎదురయింది. 2014 సెప్టెంబరులో గిలియడ్ సంస్థ భారతదేశంలోని ఏడు కంపెనీలకు తయారీ అనుమతి ఇచ్చింది. వాటిలో హైదరాబాదుకు చెందిన హెటిరో ఒకటి. 2015 మార్చిలో హైదరాబాదులోని నాట్కో కూడా ఈ అనుమతి పొంది మందును విడుదల చేసింది. పోటీ వలన వెల వేగంగా పడింది. 2018 జూలై 28న భారత ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించి, ప్రభుత్వ వైద్యశాలలలో పరీక్షలు, మందులు ఉచితంగా ఇవ్వడానికి పూనుకొన్నది. ఆ తేదీ బ్లంబర్గ్ జన్మదినం. ప్రపంచ హెపటైటిస్ దినం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2022లో ఐదు కోట్ల మంది ఈ వైరస్‌ను మోస్తున్నారు. ఆ ఏడాది దాదాపు రెండు లక్షల నలభై వేల మంది దీనివలన మరణించారు. వీరిలో ఎక్కువమందికి తమ రక్తంలో వైరస్ ఉన్నట్లే తెలియదు. కొందరికి తెలిసినా, ఎన్నడో ఇంటర్‌ఫెరాన్ వాడిన బంధువు పడిన పాట్లు చూచి, ఆ చికిత్స కంటె జబ్బే నయమని ఊరుకొన్నారు. వారి భయం ఉత్త భయం కాదు. ఆ పాట్లు నిజమైనవేనని శాస్త్రమే అంకెలతో ఒప్పుకొన్నది. అదే శాస్త్రం, అదే ప్రశ్నల పట్టికతో, నేటి మాత్రల చికిత్స అటువంటిది కాదని కూడా చెబుతున్నది. పూర్వం రక్తం ఎక్కించుకొన్నవారు, శుభ్రపరచని సూదులతో ఇంజక్షన్లు పొందినవారు, రక్తశుద్ధి యంత్రం మీద ఆధారపడినవారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనడం మంచిది. వైరస్ ఉన్నట్లు తేలితే మందు పన్నెండు వారాలే. సాధారణంగా రోజుకు ఒక మాత్ర. ఆ పన్నెండు వారాలూ చాలామంది తమ పనులు మానుకోవలసిన అవసరం ఉండదు.